కళ్లజోడులో శ్మశానం

ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగాక సర్కారువారు పునరావాస కాలనీలో ఇంటికో కళ్లజోడు పంచారు. పెట్టుకుంటే చాలు, పాత ఊరంతా కాలనీ మీద పరుచుకుని కనిపిస్తుంది. మునిగింది ఊరే తప్ప ఎవరి హక్కూ కాదని మంత్రిగారు చేతులు దులుపుకున్నారు.

కుంజా ఎర్రయ్య తండ్రి పోయాడు. బంధువులతో పాడె మోయించుకుని ఎర్రయ్య నేరుగా కాలనీ ఆఫీసులోకే వచ్చాడు.

"సారూ, మా అయ్యను తాత పక్కనే పాతాల. ఈడ శ్మశానమే లేదాయె."

"ఎందుకు లేదయ్యా? కళ్లజోడు పెట్టుకో. ఎక్కడ కనబడితే అక్కడ పాతుకో, నీ హక్కు!" అన్నాడు అధికారి, ఫైలుతో విసురుకుంటూ.

ఎర్రయ్య పెట్టుకున్నాడు. ఇప్పచెట్టు, దాని కింద తాత సమాధిరాయి స్పష్టంగా కనిపించాయి. పాడె దింపించి గడ్డపార అందుకున్నాడు.

"జర కాళ్లు తీయి సారూ. మా తాత నీ కుర్చీ కిందే ఉన్నడు."