మూడో అద్దం

“గరుకు వైపు లెన్సు దిక్కే ఉండాలె బేటీ. తిరగేసి పెడితే ఫోటోలన్నీ నాశనమైతయ్,” అంటూ అక్తర్ మొదటి అద్దం మీద బొటనవేలు రాసి చూశాడు.

“నాకు తెల్వదా అబ్బా? నువ్వే కదా నేర్పినవ్,” అంది నజియా. 

కేసముద్రం మార్కెట్ యార్డుకు ఎదురుగా ఉన్న ఆ స్టూడియో అక్తర్‌ది. అందులో ఆయన తండ్రి నాటి పెద్ద చెక్క కెమెరా ఇంకా పనిచేస్తోంది. పాతకాలపు ఫోటో కావాలని మోజుపడే పెళ్లి జంటలు దానికోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ కెమెరాతో ఫోటో అంటే ఆషామాషీ కాదు. వెనక బిగించిన గరుకు అద్దం మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని, ఆ బొమ్మను చూస్తూ మసక పోయేదాకా సరిచేసుకోవాలి. పోయిన వారం ఆ అద్దం ఆయన చేతిలోంచి జారి ముక్కలైంది. అంతకు ముందే భూపాలపల్లి జంటకు తీసిన ఫోటోల్లో మొహాలు అలుక్కుపోయి వచ్చాయి.

“అద్దం పాతదైంది, గంతే,” అన్నాడు అక్తర్ అప్పుడు. తప్పు అద్దానిదే కావాలని నజియా ఎన్ని దువాలు చేసిందో ఆ అల్లాకే తెలుసు.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. తాత కళ్లను నీటికాసుల రోగం మింగేసింది. నొప్పి లేదు, నలత లేదు, చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి ఒకనాటికి అంతా చీకటే. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని మసీదు దాకా నడిపించింది నజియానే. ఆ రోగం వంశంలో దిగుతుందనీ, పోయిన చూపు మళ్లీ రాదనీ, మిగిలిందైనా దక్కాలంటే ఆలస్యం చేయొద్దనీ జనగామ కళ్ల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. జనగామలోనే ల్యాబులో పనిచేసే నజియా ఇంటికి వచ్చేది నెలకోసారి. ఈసారి వస్తూ వస్తూ ఆ డాక్టరమ్మ దగ్గర అబ్బా పేరున రేపటికి చీటీ రాయించింది, మూడు కొత్త అద్దాలు కూడా తెచ్చింది. అద్దాలు చూసి మురిసిపోయిన అక్తర్ చీటీ అనగానే మొహం ముడుచుకున్నాడు.

“దవాఖానకు పోయినోడు ఉన్న రోగంతోని పోయి లేని రోగం తెచ్చుకుంటడు. ఒక పని చెయ్. ఈ మూడిట్ల మంచి అద్దం ఏదో నేను చూసి చెప్త. చెప్తే మళ్ల దవాఖాన మాట ఎత్తొద్దు.”

“చెప్పకపోతే?”

“నువ్వెట్లంటే అట్ల.”

నజియా కెమెరాను గుమ్మంలో రోడ్డు వైపు నిలబెట్టి, వెనక్కి వచ్చి మొదటి అద్దం బిగించింది. అక్తర్ నల్లగుడ్డలో దూరాడు. ఆమె పక్కనే నిలబడింది.

“ఛీ, పనికిరాదు!” గుడ్డలోంచి దగ్గుతూ అన్నాడు. “బొమ్మంతా గింజలు గింజలు. మిర్చి ట్రాక్టర్ వస్తుంది గాని బస్తాలేవో టైర్లేవో తెలుస్తలేదు.”

నజియా రోడ్డు మీదికి చూసింది. మిర్చి బస్తాల ట్రాక్టరే, యార్డులోకి మళ్లుతోంది. ఆ ఘాటుకు ఆమెకూ తుమ్మొచ్చింది.

రెండో అద్దం పెట్టింది.

“ఇది మరీ నునుపు. నడుమ వెలుతురు, మూలలు చీకటి. ఆ మూలకు మన ఎల్లక్క గిలాసలు కడుగుతుంది చూడు. తల కింద, కాళ్లు పైన!” అని నవ్వాడు.

ఎదురు చాయ్ కొట్టు దగ్గర ఎల్లక్క గ్లాసులు గలగలలాడిస్తూ కడుగుతోంది. నజియాకు కొంచెం ఊపిరి ఆడింది.

మూడో అద్దాన్ని అక్తర్ చాలాసేపు వేలితో తడిమాడు. “గిది మజాగుంది,” అని గుడ్డ కప్పుకున్నాడు. ఎంతసేపటికీ మాట లేదు. 

“ఏమైంది అబ్బా?”

“జర ఆగు, చూడనియ్.” ఇంకాసేపటికి, “ఆ... మోతీ వస్తుంది,” అన్నాడు.

తండా నుంచి కూరగాయలు తెచ్చే మోతీ, కాళ్ల కడియాలు ఘల్లుమంటుంటే గంప నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. ఇదే అదనుగా నజియా తండ్రిని గట్టిగా పరీక్షించాలనుకుంది.

“ఎటు దిక్కు పోతుంది?”

“అద్దంల ఎడమకు. అంటే అసలుకు కుడికి, స్టేషన్ దిక్కు.”

“ఏ రంగు కట్టింది?”

“పిచ్చిదానా, మోతీ ఎర్రది గాక వేరేది ఎన్నడన్న కట్టిందా? ఇగ చాలు. గీ మూడో అద్దమే ఉంచు. కడిగిన ముత్యం లెక్క కనవడ్తుంది.”

ఎర్రదే! నజియాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ తాడును చూసి పామనుకుని చచ్చిపోయింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొస్తుంటే ఫోన్ తీసింది.

“మేడం, రేపటి చీటీ తీసేయిండ్రి. మేం వస్తలేం. మా అబ్బా కండ్లు మంచిగున్నయ్.”

గుడ్డలోంచి బయటికొచ్చిన అక్తర్ కళ్లు తుడుచుకుంటున్నాడు. చెమట కాబోలనుకుంది.

“చేసినవా ఫోన్?”

“చేసిన అబ్బా. నిన్ను మస్తు పరేషాన్ చేసిన, మాఫ్ చెయ్.”

“నీకంటే ఎక్కువ నేనే భయపడ్డ బేటీ,” అన్నాడు, ఆమె తల నిమురుతూ.

రెండు చాయ్‌లు పంపమని ఎల్లక్కకు కేకేసి, నజియా కెమెరాను లోపలికి జరుపుదామని దాని ముందువైపుకు వచ్చింది.

లెన్సు మూత ఎవరూ తీయనే లేదు.