రెండో పరిశీలకుడు

లేదు, ఈ మనిషికి తనమీద ఏదో కక్ష ఉంది, లేకపోతే నలభై వరుసల్లో పదకొండు చోట్ల తాను అవునన్నదాన్ని కాదని ఎందుకంటాడు, అదీ వెతికి వెతికి పెట్టినట్టు, అనుకుంటూ చెంగల్రాయుడు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకున్నా తెరమీద ఆ పదకొండు వరుసలూ ఎర్రగానే ఉన్నాయి.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి రికార్డుల గది అది. ముప్ఫై ఏళ్లుగా డాక్టర్లు రోగాలకు తమకు తోచిన పేర్లు రాశారు. ఆస్పత్రి తన సొంత నంబర్లు వేసుకుంది. ఇప్పుడు వాటన్నిటికీ ప్రపంచమంతా వాడే జాబితాలోని కోడ్‌ను జతచేయాలి. సాఫ్ట్‌వేర్ రెండు మూడు జతలు చూపిస్తుంది; ఏది సరైనదో మనిషి తేల్చాలి. ఒక్కో వరుసనూ రెండుసార్లు చూస్తారు. ఒక గడిలో తన నిర్ణయం ఉంటుంది, పక్క గడిలో 'రెండో పరిశీలకుడు' అని ఉంటుంది. పేరు కనబడదు. రెండూ కలవకపోతే వరుస ఎర్రబడుతుంది.

ఎర్రవి పది దాటితే పిలిచి మాట్లాడతామనీ, అవసరమైతే ఈ పని నుంచి తప్పిస్తామనీ ఇన్‌ఛార్జి పంకజాక్షి సోమవారమే చెప్పింది. చెంగల్రాయుడు రిటైరైనాక మళ్లీ పిలిపించుకున్న మనిషి. పొద్దున్నే పాకాలలో బస్సెక్కి వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటే తప్ప ఆయనకు తాను తనలా అనిపించడు.

ఎదురు బల్ల దగ్గర రూపశ్రీ ఉంది. ఏడాది కిందట చేరిన పిల్ల. పని నేర్పింది ఆయనే.

"ఏం పాపా, నా వరుసలు దిద్దేది నువ్వేనా?"

"నాకిచ్చింది కంటి వార్డు ఫైళ్లు గదా సార్."

"అయితే మునికుమారా దిద్దేది?"

"ఆయన పోయిన నెల్లోనే మానేసినాడు. శాలువా కప్పింది మీరే గదా."

"అవునవును. మరి వీడెవుడు? ఇట్లా వచ్చి ఇది సూడు."

రూపశ్రీ వచ్చి వంగి చదివింది. "అరవై రెండేళ్ల మగమనిషి. అడిగిందే అడుగుతాడు. తిన్నది మర్చిపోతాడు. తప్పు ఎదుటివాళ్లదంటాడు. ఇదంతా భార్య చెప్పింది... మీరేం పెట్టినారు సార్?"

"వయసు. అరవై దాటినాక ఎవురికి ఉండదు? నిన్న బస్సోడు నన్ను దించాల్సిన తావున దించకుండా అలిపిరి దాకా తీసకపోయినాడు. ఆటో పట్టుకోని వెనక్కొచ్చినాను. వాడికీ జబ్బేనా?"

"ఆయనేం పెట్టినాడు?"

"మతిమరుపు జబ్బంట. కింద సుద్దులు కూడా చెప్పినాడు. 'ఇంట్లోవాళ్లు చెప్పింది కొట్టెయ్యొద్దు. వయసు మీదికి తోసెయ్యడం సులువు' అని."

రూపశ్రీ నవ్వింది. "ఇది మీ మాటే సార్. నేను చేరిన రోజు నాకు చెప్పింది ఇదే."

"నేననేదీ అదే. నా కాడ నేర్చుకోని నాకే పాఠం చెప్తా ఉండాడు. టీ తెప్పిచ్చు పాపా, తల వాస్తా ఉండాది."

"మూడోది అయితాది సార్."

"రెండోది" అన్నాడాయన.

రూపశ్రీ టీ చెప్పడానికి వెళ్లింది. చెంగల్రాయుడు ఎర్ర వరుసలను మళ్లీ మొదటినుంచి చదివాడు. తాను ఈ వారం చేసినవాటిని ఆ మనిషి నెల కిందటే చేసి పెట్టాడని తారీఖు చెబుతోంది. తొందర లేని మనిషి. నొప్పి అని ఉంటే ఎక్కడ, ఎన్నాళ్లుగా అని పాత కాగితం చివరిదాకా చదివి గాని జతచేయలేదు. నాలుగు చోట్ల అతనిదే సరైనదేమోనన్న అనుమానం వచ్చింది. ఐదో చోట అనుమానం కూడా మిగల్లేదు. ఒకప్పుడు తానూ ఇంత నిదానంగానే చూసేవాడు. ఎన్నడూ చూడని ఆ మనిషిమీద అసూయ కలిగింది. అసూయ వెనకాల, ఎందుకో, దిగులు. ఆ దిగులుకు పేరు దొరక్కపోయేసరికి కోపమే మేలనుకొని లేచాడు.

పంకజాక్షి ఫోనులో ఉంది. ఆయన్ని చూసి పెట్టేసింది.

"మేడమ్, ఆ రెండో మనిషినన్నా మార్చండి, నన్నన్నా తీసెయ్యండి."

"కూర్చోండన్నా. ఈ పద్ధతి మీటింగులో చెప్పినాను గదా. మీరు డైరీలో కూడా రాసుకుంటిరి."

"రాసుకున్నాను" అన్నాడు. ఏం రాసుకున్నాడో తోచలేదు. ఆ రోజు ఇచ్చిన మైసూరుపాకు మాత్రం గుర్తుంది. "పేరు చెప్పండి. మొగం మీదే అడగతా."

"పేరుతో పనేముండాదన్నా. మంచినీళ్లు తాగుతారా?"

"నీళ్లొద్దమ్మా. పేరు."

పంకజాక్షి కాసేపు ఆయన మొహంలోకే చూసింది. తర్వాత తన పాస్‌వర్డ్ కొట్టి, తెరను ఆయనవైపు తిప్పింది.

"పనిలో నిలకడ ఉండాదా లేదా తెలుసుకునేదానికి పెట్టిందన్నా ఇది. అందరికీ పెట్టినాము" అంది, కిటికీవైపు చూస్తూ.

చెంగల్రాయుడు తెరమీదికి వంగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ వంగాడు.

"ఇంటికి ఫోన్ చేసేదా అన్నా? ఆనందమ్మక్కకు?"

"వద్దు. మా ఇంటామె శానా దినాలుగా చెప్తానే ఉండాది" అన్నాడు నెమ్మదిగా. "నేనే వినలా."

తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. రూపశ్రీ టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆయన దాన్ని ముట్టలేదు. ఆ అరవై రెండేళ్ల మనిషి వరుస తెరిచాడు. తన గడిలో 'వయసు' అన్నదాన్ని తీసేసి 'మతిమరుపు జబ్బు' అన్నదాన్ని ఎంచి నొక్కాడు. ఎరుపు పోయి వరుస పచ్చబడింది.

రెండో పరిశీలకుడు నెల కిందటి చెంగల్రాయుడే.