రోవెనా టాకెట్, ఇంటికి పో

"రోవెనా టాకెట్, ఇంటికి పో! బూ..."

కార్ల పందెం మొదలయ్యే ముందు డ్రైవర్లు ఒక్కొక్కరే జనం ముందుకొచ్చి చెయ్యి ఊపడం అక్కడి ఆనవాయితీ. రోవెనా చెయ్యి ఎత్తిందో లేదో, ఆ గొంతు లేచింది.

గ్యాలరీ మూడో వరసలో ఎర్రగళ్ల దుప్పటి పరుచుకుని కూర్చున్న ముసలావిడ. చేతిలో ఆవు మెడగంట.

వసంతంలో రోవెనా కొత్తగా వచ్చినప్పుడు ఒక్కరూ ఆమెకేసి తలెత్తి చూడలేదు. తినేవాళ్లు తింటూనే ఉన్నారు. ముసలావిడ ఒక్కతే అరవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి చుట్టుపక్కలవాళ్లు గొంతు కలిపారు. దాంతో అవతలి వైపు వాళ్లకి పౌరుషం వచ్చి చప్పట్లు అందుకున్నారు. ఇప్పుడా పేరు వినిపిస్తే చాలు, సగం గ్యాలరీ తిట్లు, సగం గ్యాలరీ ఈలలు.

"ఆవిడకి నేనేం చేశాను నాన్నా?"

"నువ్వు మలుపు తిప్పడం చూసుంటుంది" అన్నాడు హార్లన్, టైరు తడుతూ.

రోవెనా నవ్వింది గానీ లోపల గుబులుగానే ఉంది. ఇది ఈ ఏటి ఆఖరి పందెం, లైల్ స్టాంపర్ కప్పు. ఒకప్పుడు ఆ ట్రాక్‌ని ఏలిన మొనగాడి పేరది. ఇవాళ గెలవకపోతే వచ్చే ఏడు కారు తమ్ముడు డ్వేన్‌దేనని నాన్న చెప్పేశాడు. డ్వేన్ అప్పుడే సీట్లో కూర్చుని, కాళ్లు పడతాయో లేదో చూసుకున్నాడు కూడా.

పచ్చజెండా ఊగింది. ఎర్రమట్టి లేచింది.

ముందు వెళ్లే కారు దారి ఇవ్వదు. సందు దొరకదు. చివర్లో ఎవరిదో కారు గోడకి రాసుకుని పసుపు జెండా పడింది. కార్లన్నీ నెమ్మదించాయి.

ఆ కాస్త నిశ్శబ్దంలో గంట మోగింది.

"ఇంటికి పో, రోవెనా టాకెట్!"

రోవెనాకి ఒళ్లు మండింది. మళ్లీ పచ్చజెండా ఊగగానే ఆ మంటంతా కాలితో నొక్కింది. ఆఖరి మలుపులో లోపలి అంచున దూరి, బంపరు మందం తేడాతో గీత దాటింది.

కప్పు చంకన పెట్టుకుని, ఫోటోలకి కూడా ఆగకుండా మూడో వరస ఎక్కింది. 'ఇప్పుడు పొమ్మంటారా ఇంటికి?' అని అడగాలని.

దుప్పటి లేదు. మనిషి లేదు. టికెట్లు అమ్మే వెర్డీ కాగితం కప్పులు ఏరుతోంది.

"ఆ గంట ఆవిడ ఏది, వెర్డీ అత్తా?"

"మైకులో గెలిచినవాళ్ల పేరు చదవగానే లేచింది. చెల్లెలి దగ్గరికి, ఫ్లోరిడాకి. ఇక రాదే."

"పీడా పోయింది. నా మీద ఎందుకంత కోపం?"

"కోపమా? నీ పేరు అందరి నోటా పడాలనే అలా అరిచేది. మైకులో నీ పేరు చెప్తుంటే కళ్లు తుడుచుకుంది. 'ఆడపిల్ల పేరు పూర్తిగా చదివారు, విన్నావా వెర్డీ' అంది."

రోవెనాకి అర్థం కాలేదు.

"ఆ కప్పు మీద ఎవరి పేరుందో చూడు."

"లైల్ స్టాంపర్."

"లైల్‌కి కారెక్కితే కడుపులో తిప్పేది" అంది వెర్డీ కిందకి కూర్చుంటూ. "ఆ రోజుల్లో ఆడవాళ్లని కార్ల దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లు కాదు. ఆయనే పోయాక ఇంక దాచేదేముంది? ఆయన హెల్మెట్ పెట్టుకుని, ఆయన పేరుతో ఆ పందేలన్నీ గెలిచింది ఆయన అక్క ఇమోజీన్, ఇందాక గంట వాయించినావిడే. జడ బయటపడకుండా పిన్నులు పెట్టింది నేను."