తడి అంటని బాజా

మైకు మళ్లీ తాహిర్ ముందుకే వెళ్లింది.

దబీర్‌పురాలో పెళ్లివారి గేటు పక్కన బల్లలు వేసి బ్యాండు వాళ్లను నిలబెట్టారు. మైకుసెట్టు అంజన్న స్టాండు ఎత్తుకొచ్చి, తాహిర్ చేతిలో ధగధగలాడే కొత్త బేసు బాజాకు ఎదురుగా పెట్టాడు. పక్కనే పాత బేసు బాజా భుజానికెత్తుకుని నిలబడ్డ వైకుంఠం ఒకడున్నాడని అతనికి తోచనేలేదు. వైకుంఠం ఆ స్టాండు వంక కుళ్లుకుంటూ చూశాడు.

వైకుంఠం నిజాం ఫౌజు బ్యాండులో ఊదినవాడు. ఫౌజు పోయి నాలుగేళ్లైంది, అప్పటినుంచీ విఠల్‌రావు పెళ్లి బ్యాండులో ఉన్నాడు. అతని బాజా కూడా ఫౌజు నాటిదే. ఒకసారి టాంగా మీంచి పడి దాని పెద్ద నోరు ఎడమపక్కకు ఒరిగిపోయింది. ఉస్మాన్‌గంజ్‌లో అతుకులేసే కరీం భాయ్ ఎంత సుత్తి వాయించినా అది దారికి రాలేదు. ఆ ఎడమపక్కనే తాహిర్ నిలబడేది.

మొన్న రంజాన్ వెళ్లగానే విఠల్‌రావు విలాయతీ బాజా ఒకటి కొని తాహిర్ చేతికిచ్చాడు. మైకుసెట్టు మాట్లాడిందీ అప్పుడే. ఆ రెండూ కలిసి వైకుంఠం కొంప ముంచాయి. అంతకుముందు బేసు మోతను ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు గేటు మీది లౌడ్‌స్పీకరులోంచి అది వీధి చివరిదాకా గంభీరంగా పోతుంటే, పెళ్లిపెద్దలు వచ్చి తాహిర్ భుజం తడుతున్నారు.

ఆ మోత బాగుందని వైకుంఠమూ ఒప్పుకోక తప్పలేదు. తను ఊదేది తల మీదుగా పోతుంది, తన చెవికే సరిగా అందదు. లౌడ్‌స్పీకరులోంచి వచ్చేది మాత్రం గుండెలో దిగేది. ఒప్పుకున్న కొద్దీ మంట ఎక్కువైంది. పైగా తాహిర్ దొంగ అని అతని నమ్మకం. తను ఎక్కడ ఊపిరి తీసుకుంటే లౌడ్‌స్పీకరు కూడా సరిగ్గా అక్కడే ఆగేది. ఇరవై ఏళ్లు ఊది సంపాదించుకున్న పద్ధతిని పక్కనే నిలబడి కాజేస్తున్నాడు మరి.

అసలు ఘనత బాజాదేనని సరిపెట్టుకుందామన్నా మనసు ఊరుకోదు. ఏ బాజాలోనైనా ఊదిన కాసేపటికి ఉమ్మినీళ్లు చేరతాయి. పాటకూ పాటకూ మధ్య అందరూ వంచి పారబోసుకుంటారు. తాహిర్ మాత్రం మీసం తుడుచుకుని ఊరికే నిలబడతాడు. విలాయతీ ఇత్తడికి తడి కూడా అంటదని వైకుంఠం ఇంట్లో చెప్పి వాపోతే, భార్య చంద్రమ్మ బియ్యం ఏరుతూ నవ్వింది.

“అది బాజానా, తామరాకా?”

ఇంతలోనే ఈ దబీర్‌పురా పెళ్లినాటి పొద్దున విఠల్‌రావు పిడుగులాంటి మాట చెప్పాడు. మైకు వచ్చాక ఇద్దరు బేసువాళ్లు దండగట. ఈ పెళ్లిలో విని, రేపటినుంచి ఒక్కణ్ణే ఉంచుకుంటాడట. వైకుంఠానికి ఊదడం తప్ప మరో పని రాదు. నలభై ఐదేళ్ల వాడికి కొత్తగా పని ఎవరు నేర్పుతారు?

మధ్యాహ్నం అందరూ భోజనాల దస్తర్‌ఖాన్ దగ్గరికి వెళ్లారు. తాహిర్ కూడా దగ్గుకుంటూ వెళ్లాడు. ఈమధ్య బాగా చిక్కాడు. ఇంత పేరు తింటూ చిక్కడమేమిటో అనుకుంటూ వైకుంఠం తన తువ్వాల తీశాడు. బాజా తోమీ తోమీ చింతపండు మరకలు పట్టిన తువ్వాల అది. చుట్టూ చూసి, దాన్ని విలాయతీ బాజా నోట్లోకి మోచేతిదాకా కుక్కాడు. తప్పని తెలుసు. అయినా కుక్కాడు.

నికా అయింది. బ్యాండు మొదలైంది. వైకుంఠం కళ్లు మూసుకుని, ఇదే తన ఆఖరి పాట అన్నట్టు ఊదాడు. పక్కనుంచి పిల్లికూత వినబడుతుందని చెవులు రిక్కించాడు.

లౌడ్‌స్పీకరు మునుపటికంటే గొప్పగా మోగింది. దావతుకు వచ్చిన ముసలి నవాబు ఒకాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మూరెడు గుడ్డ కుక్కినా మోగే బాజాతో మనిషి పోటీపడలేడని వైకుంఠానికి ఆ క్షణాన తెలిసిపోయింది.

విఠల్‌రావు బల్లెక్కి అందరి ముందూ చెప్పేశాడు.

“తాహిర్ ఉంటడు. వైకుంఠం, బురా మానకు. నువ్వు సుత విన్నవు గద.”

వైకుంఠం గేటు వెనక కూర్చుని తన బాజాకు గోనెసంచి చుట్టసాగాడు. ఎదురుగా నీడ పడింది. తాహిర్. చేతిలో చింతపండు మరకల తువ్వాల.

“ఇది నీదే గదా అన్నా?”

“నాదే. కొడ్తె కొట్టు.”

తాహిర్ కొట్టలేదు. పక్కన కూర్చుని దగ్గు ఆగేదాకా ఛాతీ పట్టుకున్నాడు.

“విఠల్ సేఠ్‌కు అంతా చెప్పి వస్తున్న. కొలువు నీదే. నేను రేపటికెళ్లి రాను.”

“గుడ్డ కుక్కినోనికి కొలువిస్తవా? ఏంది నీ ఎగతాళి?”

“ఎగతాళి కాదన్నా. దవాఖానల డాక్టరు నా ఛాతీ జూసి, ఇంక బాజా ఊదితె బతుకవన్నడు. ఇంట్ల నా పెండ్లాం ఖుద్సియాకు సుత చెప్పలే.”

“ఎప్పుడన్నడు?”

“రంజాన్‌ల.”

వైకుంఠం తువ్వాల అందుకున్నాడు. గంటసేపు పాటలు మోగినా అది ఎండలో ఆరేసినట్టు పొడిగా ఉంది.

“మరి గీ రెండు నెల్లు ఏం జేసినవు?”

“ఉత్తగ మీటలు నొక్కిన అన్నా.”