అయిదడుగుల ఇల్లు

పొద్దున్న పదింటికి కూడా ట్యూబులైటు వేస్తే తప్ప ఆ గదిలో మనిషికి మనిషి కనబడరు. తూర్పు కిటికీ ఉండి ఏం లాభం? రెక్క తీస్తే జానెడు దూరంలో గోడ. వేళ్లు చాపితే సిమెంటు గరుగ్గా తగులుతుంది.

ఆ గోడ ఆవిడ మరిది లేపింది. పంపకాలప్పుడు మాటా మాటా పెరిగింది. పాత ఇల్లు అన్నకి, పక్కనున్న ఖాళీ జాగా తమ్ముడికి వచ్చాయి.

"వెలుతురు మొత్తం మీరే ఉంచుకుంటారా వదినా? నా వాటా నేను తీసుకుంటా" అన్నాడు. అన్నట్టే తీసుకున్నాడు. వాకిలి మటుకు వెనక వీధిలోకి పెట్టుకున్నాడు.

ఆ వీధే తొక్కనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. మోకాళ్ల నొప్పులు కూడా ఆ ఒట్టుకి బాగానే సాయపడ్డాయి. మరిది కొడుకు పెళ్లికి కూడా పోలేదు, కొత్త కోడలి మొహం చూడలేదు. చూస్తూండగానే నాలుగేళ్లయింది.

ఆవిడ రిటైరైన డ్రాయింగు టీచరు. ట్యూబులైటు కింద ఏ రంగు ఏదో తెలిసి చావదు. ఒకసారి మొగుడు బొమ్మని బయటికి తీసుకెళ్లి చూసి, "ఆకాశం ఆకుపచ్చగా ఉందేమిటే?" అన్నాడు. అంతే, కుంచెలన్నీ కట్టకట్టి అటకెక్కించింది. పోనీ అమ్మేసి పోదామా అంటే, వెలుతురు లేని కొంపని ఎవరు కొంటారు? చూడటానికి వచ్చినవాళ్లు కిటికీ తెరిచారు, మంచినీళ్లు తాగారు, మళ్లీ వస్తామని వెళ్లిపోయారు.

ఇక మిగిలింది ఫోను. దాని వెలుతురు అదే తెచ్చుకుంటుంది కదా. అందులో లోకంలోని వింతలన్నీ ఏరి "ఔరా!" అనే పేజీలో పెడుతుంది. స్వెటరులా అల్లిన కుర్చీ, దానికి ఒకటే చెయ్యి. పోట్లాడుకున్న మొగుడూపెళ్లాల కోసం మధ్యలో తెర వేలాడే గొడుగు. రోడ్డు గుంతలకి కళ్లూ మీసాలూ గీసుకుంటూ పోయే పెద్దమనిషి. ఒక్కోటి చూసి పొట్ట పట్టుకుని నవ్వుతుంది. లక్షమంది ఆవిణ్ణి "ఔరా అక్క" అంటారు. అక్క ఎలాంటి గదిలో ఉందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

"నీకేమే, రాణిలా లోకమంతా తిరుగుతున్నావు" అంటాడు మొగుడు.

"ఆఁ, మంచం దిగకుండా!" అంటుంది.

ఆవిడ ఆశల్లా ఒక్కటే. గోడకీ గోడకీ మధ్య వదలాల్సిన జాగా వదల్లేదని మొగుడు మూడేళ్లుగా మున్సిపాలిటీ చుట్టూ తిరుగుతున్నాడు. కొలతలు తీశారు. తప్పు మరిదిదేనని తేల్చారు. పడగొట్టమని ఉత్తర్వు ఒక్కటి రావాలి. నెల తిరక్కుండా వస్తుందని గుమాస్తా చెప్పాడు. ఆ మాట వినగానే కుంచెలు దింపించుకుని, దుమ్ము దులిపి, కిటికీ దగ్గర పెట్టుకుంది. ఆశ చెడ్డది మరి.

ఆ వారంలోనే పేజీకి "పిచ్చుక" అన్న పేరుతో ఎవరో అమ్మాయి ఫొటోలు పంపింది.

ఒక ఇల్లు. వెడల్పు అయిదంటే అయిదే అడుగులు! వీధివైపు నిమ్మపండు రంగు. లోపల మెట్టు లాగితే సొరుగు. గోడలోంచి మంచం దిగుతుంది. దాన్నే మడిస్తే బల్ల, ఇంకోలా మడిస్తే పిల్ల ఉయ్యాల. పైకప్పు గాజుది. నేలదాకా ఎండే ఎండ.

"ఔరా!" అంది ఆవిడ పైకే. ఆ ఎండ పడ్డచోటల్లా వేళ్లతో పెద్దది చేసుకుని చూసింది. ఇంత ఇరుకులో ఇంత వెలుతురా! కట్టినవాడెవడో గానీ వాడి బుర్రకి దండం పెట్టాలి. ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి.

రెండు రోజుల తర్వాత పిచ్చుక మళ్లీ రాసింది. "ఇల్లు కూల్చేస్తారట అక్కా. ఎవరో ఓర్వలేక పైవాళ్లకి చెప్పారు. చంటిపిల్లతో ఎక్కడికి పోవాలో తెలియడంలేదు."

ఆవిడకి ఒళ్లు మండింది. "వాళ్ల కడుపుమంట పాడుగాను! నువ్వు ఏడవకు. వినతిపత్రం రాసి పంపు, మిగతాది నేను చూసుకుంటా."

పిచ్చుక పంపింది. మూడు పేజీలు, నిండా నంబర్లూ సెక్షన్లూ. అవన్నీ చదివే ఓపిక ఎవరికుంది? చివరికి పోయి తన పేరు కొట్టి సంతకం చేసి, పేజీలో పెట్టింది. "చీకట్లో బతకడమంటే ఏమిటో నాకు తెలుసు. ఈ వెలుతురుని ఆర్పనివ్వకండి" అని పైన రాసింది.

సాయంత్రానికి వెయ్యిమంది చేరారు. వారానికి నలభై వేలు దాటారు. ఆవిడ తిండి మానేసి ఒక్కొక్కరికీ జవాబు రాసింది. మూడోవారం మధ్యాహ్నం పిచ్చుక నుంచి కబురొచ్చింది. "గెలిచాం అక్కా! కూల్చరట. మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు గానీ, జన్మలో మరిచిపోను."

గంతెయ్యబోయి మోకాలు పట్టుకుని మంచం మీద కూలబడింది. అయినా నవ్వాగలేదు. నాలుగేళ్ల తర్వాత తను ఒకరికి పనికొచ్చింది.

అప్పుడే మొగుడు మున్సిపాలిటీ ఆఫీసునుంచి వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో కాగితం ఉంది.

"ఉత్తర్వొచ్చిందా? ఎప్పుడు పడగొడతారట?"

ఆయన కిటికీ వంక చూశాడు. తర్వాత ఆవిడ వంక చూశాడు.

"చెప్పరేమండీ?"

"పడగొట్టరుటే. మా తమ్ముడి అయిదడుగుల ఇల్లు అపురూపమట, దాని గోడ మీద చెయ్యి వెయ్యొద్దని నలభై వేలమంది సంతకాలు పెట్టారట, అందులో మొట్టమొదటి సంతకం నీదేనట."