గోడ మీది ప్రధాన సంఖ్య

ఆవిష్కరణ సభలో శిలాఫలకం మీది పరదా తొలగగానే లెక్కల మాస్టారి గుండె గుభేలుమంది.

పదేళ్లు తల బద్దలుకొట్టుకుని ఆయన కనిపెట్టిన వంద అంకెల ప్రధాన సంఖ్య అది. ఒకటీ, తానూ తప్ప దాన్ని ఏదీ భాగించలేదు. కాలేజీ గోడ మీది పాలరాతిలో మాత్రం చివరి ఏడు కాస్తా ఎనిమిదైంది.

"చెక్కినవాడు కొంప ముంచాడండీ! చివర ఎనిమిదుంటే రెండుతో పోతుంది!" అన్నారు ప్రిన్సిపాల్ చెవిలో.

"నేనే మార్పించాను మాస్టారూ. ఏడు నాకు అచ్చిరాదు. అంత పెద్ద సంఖ్యకి ఒకటి ఎక్కువైతే కొంపేం మునగదు. అన్నట్టు, మీ సర్వీసు పొడిగింపు కాగితం నా జేబులోనే ఉంది."

మాస్టారికి ఒళ్లు మండింది. ఉద్యోగం పోతే పోయిందనుకుని మైకు అందుకున్నారు.

"సరిసంఖ్యల్లో రెండొక్కటే ప్రధాన సంఖ్య అని ఇన్నాళ్లూ పాఠం చెప్పాను. ప్రిన్సిపాల్ గారి చలవ వల్ల ఇవాళ రెండోది పుట్టింది!"

లెక్కల శాఖ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ప్రిన్సిపాల్ కళ్లు చెమర్చాయి. వేదిక మీదే కాగితం తీసి సంతకం పెట్టేశాడు.

మాస్టారు రాతిని చూశారు, కాగితాన్ని చూశారు.

"ఎనిమిదే నిండుగా ఉందండీ" అన్నారు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.