ఆవిడ వింటేనే ఉన్నట్టు

"ఇంకొక్క మాట మాట్లాడావంటే ఇక్కణ్ణుంచే వెనక్కి పంపించేస్తా!"

కోడలు నాలిక్కరుచుకుంది. ఆ అమ్మాయి పని కార్లు నడపడం నేర్పించడం. పొద్దస్తమానం "బ్రేకు, బ్రేకు!" అని అరిచి అరిచి అలవాటైన నోరు. దాన్ని మూయించడం అత్తగారికి కొండ ఎక్కడంకన్నా కష్టంగా ఉంది.

అత్తగారిని అందరూ పిట్టలమ్మ అంటారు. బొటనవేలంత మంచుపిట్ట ఈ కొండ నెత్తినున్న అడవిలో తప్ప మరెక్కడా బతకదు. కొమ్మల చివర దాక్కుంటుంది, కంటికి ఆనదు. పాటను బట్టే పట్టుకోవాలి. యంత్రాలు పెట్టి చూశారు గానీ గాలి హోరు తప్ప ఏమీ రాలేదు. ఆ పాట తెలిసినవాళ్లలో పిట్టలమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ విన్నానంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. అటవీ ఆఫీసులో చెల్లేది ఆ మాటే.

ఇప్పుడు ఆ అడవి కొట్టేసి రోడ్డు వేస్తారట. పిట్ట ఉంటే రోడ్డు ఆగుతుంది. లేకపోతే రేపే రంపాలు కొండెక్కుతాయి. మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పమని ఆఫీసరు గడువు పెట్టాడు.

"ఇంతకీ అదెలా పాడుతుందో చెప్పండి అత్తయ్యా. నేనూ ఓ చెవి పడేసి ఉంచుతాను."

"చెప్పను. ముందే చెబితే ఆకు కదిలినా అదేననిపిస్తుంది. చెవికి ఆశ పెట్టకూడదు. మా గురువుగారు నాకూ చెప్పలేదు."

"పోనీ, వినబడకపోతే వినబడిందని చెప్పేయండి. ఎవడొచ్చి చూస్తాడు?"

"నోరు కడుక్కో! ఒక్క అబద్ధమాడితే ఇన్నేళ్ల నా మాట నీళ్లపాలవుతుంది. నేను చెయ్యెత్తేదాకా నీ గొంతు పెగలకూడదు. తెలిసిందా?"

"చిత్తం," అంది కోడలు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని.

శిఖరం దగ్గర నాచు పట్టిన చెట్టు మొదట్లో ఇద్దరూ కూర్చున్నారు. పిట్టలమ్మ మోకాళ్లు సలుపుతున్నాయి, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అయినా సరే, వినందే దిగేది లేదనుకుంది. కళ్లు మూసుకుంటే చాలు, ఆ పాట ఇప్పటికీ మనసులో మోగుతుంది. సూదిమొనలాంటి సన్నటి ఈల మెట్టు మెట్టుగా పైకెక్కి, టక్కున తెగిపోతుంది. భర్త పోయిన ఏడు అన్నం కూడా మానేసి పడుంటే, ఆ ఈలే ఆవిణ్ణి మళ్లీ మనిషిని చేసింది. దాన్ని రంపాలకి ఎలా వదిలేస్తుంది?

కాకులు అరిచాయి. ఎక్కడో వడ్రంగిపిట్ట మాను పొడిచింది. అంతే. ఒకప్పుడు ఈ వేళకి అడవంతా కిచకిచలతో చెవులు చిల్లులు పడేవి. ఇప్పుడు పెద్ద గొంతులే మిగిలాయి. పాడుకాలం, చిన్న ప్రాణాలనే ముందు మింగుతుంది అనుకుంది.

ఉన్నట్టుండి కోడలు కంగారుగా మణికట్టు మీది గడియారం మీట నొక్కేసి, తప్పు చేసినదానిలా అత్తగారి మొహంలోకి చూసింది. అప్పుడే టైము చూసుకుంటోంది, విసుగు పుట్టినట్టుంది అని పిట్టలమ్మ లోలోపల చురచురలాడింది.

కాసేపటికి, "అత్తయ్యా, జలగ!" అని గుసగుస.

"ష్!"

ఇంకాసేపటికి, "బిస్కెట్టు తింటారా?"

"ష్ష్!"

మూడోసారి భుజం మీద చెయ్యి పడింది. "అత్తయ్యా, అదీ..."

పిట్టలమ్మ చూసిన చూపుకి ఆ అమ్మాయి మిగతా మాట మింగేసింది. మళ్లీ నోరు విప్పితే ఒట్టు.

మంచు కరిగింది. ఎండ నడినెత్తికొచ్చింది. పిట్టలమ్మ ఊపిరి బిగబట్టి, ఒక్కో కొమ్మవైపూ చెవి తిప్పి మరీ విన్నది. చివరికి ఫోను తీసింది.

"ఆఫీసరుగారూ, లేదండీ."

"ఇంకోసారి చూస్తారా అమ్మా?"

"పొద్దున్నుంచీ కదలకుండా కూర్చున్నాను. ఉంటే పాడకుండా ఉండదు. లేదు."

"మీరే లేదంటే ఇంకెవరు ఉందంటారు? సరే, రేపు పని మొదలుపెట్టమని చెప్పేస్తాను."

ఫోను ఒళ్లో పడేసి ఆవిడ భోరుమంది. "నా పిట్ట పోయిందే! నేను బతికుండగానే పోయింది!"

కోడలు దగ్గరికి తీసుకుని పైటకొంగుతో ఆవిడ కళ్లు తుడిచింది. తన కళ్లూ చెమర్చాయి. "ఊరుకోండి అత్తయ్యా, మీరు చెయ్యగలిగిందంతా చేశారు."

"ఇంక మాట్లాడుకో తల్లీ, నీ ఇష్టం. ఇక వినడానికేముంది?"

కోడలు తలెత్తి, చెట్టు చిటారు కొమ్మలకేసి చూసింది.

"మరి పొద్దున్నుంచీ మన నెత్తిమీద సన్నగా ఈల వేస్తున్న ఆ పిట్టేంటత్తయ్యా?"